గొళ్ళెం పాట

గోపాలకృష్ణయ్య సాయంత్రాలు ఇంట్లో ఉండేవాడు కాదు. నల్లబండపాలెం హైస్కూల్లో ఆయన తెలుగు పండితుడు. బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, మంచం పక్కన ఒక నిమిషం నిలబడేవాడు. "గ్రంథాలయం దాకా వెళ్ళొస్తాను రత్నం" అనేవాడు. మంచంలోని భార్య శేషారత్నం "వెళ్ళి రండి" అనేది.

రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఆమెకు కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట నిలిచింది గానీ కొంచెం ముద్దగా వస్తుంది. పిల్లలు లేరు. ఆమెను చూడటం ఇష్టం లేక కాదు ఆయన వెళ్ళిపోయేది. ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియక. పాతికేళ్ళుగా పిల్లలకు పద్యాలు విడమరిచి చెప్పినవాడికి సొంత భార్యతో చెప్పుకోవడానికి నాలుగు మాటలు దొరికేవి కావు.

ఆమె పనులన్నీ పక్క సందులో ఉండే కుల్సుం చూసేది. మధ్యాహ్నం వచ్చి ఒళ్ళు తుడిచి, పక్కకు తిప్పి, జడ వేసి, చీకటి పడేదాకా కూర్చుని వెళ్ళేది. కుల్సుం భర్త జాన్ సాహెబ్ ఊరి చివర టూరింగ్ టాకీసులో పనిచేసేవాడు. సాయంత్రం ఆరయ్యేసరికి అతను మైకులో ముందొక దేవుడి పాట వేసి, దాని వెనక అరగంట సేపు సినిమా పాటలు వేసేవాడు. క్రోసూరు రోడ్డు మీద ఎంత దూరాన ఉన్నవాళ్ళకైనా అవి వినపడేవి. పాటలు ఆగాయంటే ఆట మొదలైనట్టు.

ఆ ఏడు శ్రావణమాసంలో కొత్త పాటొకటి వచ్చింది. "గొళ్ళెం వెయ్యని తలుపుంది, గాలికి నేనేం చెప్పేది" అని మొదలవుతుంది. ఆ పైన చరణాల్లో గాలి లోపలికి వస్తుంది, దీపం ఆరుతుంది, కొంగు జారుతుంది. పాడే ఆమె నడుమ నడుమ ఒక మూలుగు మూలుగుతుంది. నెల తిరక్కముందే ఊళ్ళో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ ఆ పాట వచ్చేసింది.

గోపాలకృష్ణయ్య దాన్ని పట్టించుకోలేదు. ఆయనకు సినిమా పాటలన్నీ ఒకటే. పట్టించుకోవలసి వచ్చింది ఫిలోమినా వల్ల.

ఫిలోమినా పదో తరగతి. ఒక్కసారి చెప్తే పద్యం అప్పజెప్పగల పిల్ల. దసరా సెలవులయ్యాక ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. జ్వరమేమోనని చర్చి వెనక వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. తండ్రి యోహాను నులక మంచం వాల్చి, తను మాత్రం నిలబడే మాట్లాడాడు.

"ఇంక పంపనయ్యా. మా ఆడోళ్ళతో పాటు మిరప తోటలకి వస్తది."

"ఇంకో ఆరు నెలలుంటే పరీక్షలు. ఎందుకు మాన్పిస్తావు?"

యోహాను చెప్పడానికి చాలా సేపు పట్టింది. బడిలో సాయంత్రం క్లాసు వదిలాక ఆ పిల్ల టాకీసు ముందునించే రావాలి. సరిగ్గా పాటల వేళ. కల్వర్టు మీద నలుగురైదుగురు కుర్రాళ్ళు కూర్చుంటారు. ఆ పాట రాగానే ఆ పిల్లను చూసి, "ఏమే, మీ ఇంటికి గొళ్ళెం ఉందా? మీ నాయిన వేశాడా, ఇవాళ మర్చిపోతాడా?" అంటున్నారు. ఒకడు వెనకాలే చర్చి దాకా వచ్చాడు.

"మాది తడిక తలుపయ్యా. గొళ్ళెం కూడా లేదు" అన్నాడు యోహాను, తప్పు తనదైనట్టు.

గోపాలకృష్ణయ్య నేరుగా టాకీసు యజమాని త్రికోటేశ్వరరావు దగ్గరికి వెళ్ళాడు. ఆయన మర్యాదగానే కుర్చీ వేయించాడు.

"పాట నేను రాశానా పంతులుగారూ? మద్రాసులో సెన్సారోళ్ళు చూసి ముద్రేసి పంపిచ్చిన పాట. వాళ్ళకి లేని అభ్యంతరం మనకేంది? రేడియోలో వేస్తన్నారు, పెళ్ళిళ్ళలో వేస్తన్నారు. నేనొక్కణ్ణి ఆపితే ఆగుద్దా?"

అర్జీ రాయాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు గోపాలకృష్ణయ్య. ఊరికే 'బూతు పాటలు' అంటే పైవాళ్ళు ఒప్పుకోరనీ, ఏ పాటలో ఏ మాట చెడ్డదో రాసి చూపించాలనీ హెడ్‌మాస్టరు సలహా ఇచ్చాడు. అందుకోసం పాటలు వినాలి. మైకు బాగా వినపడేది రత్నం మంచం పక్కనున్న కిటికీ దగ్గర.

అలా వారం రోజులు ఆయన సాయంత్రం ఆరు గంటలకు కాగితాలూ కలమూ పట్టుకుని భార్య పక్కన కూర్చున్నాడు.

మొదటి రోజు ఆమె ఆశ్చర్యంగా చూసింది. "గ్రంథాలయం మూశారా?"

ఆయన ఫిలోమినా సంగతి మొత్తం చెప్పాడు. రత్నం పాట వచ్చినంత సేపూ కళ్ళు మూసుకుని పడుకుంది. అయ్యాక, "చదువుకునే పిల్లేనా?" అని మాత్రం అడిగింది.

"బంగారం లాంటి పిల్ల."

రెండో రోజు ఆయన రాసుకుంటూ ఒకచోట ఆగిపోయాడు. గాలివాటుకు మాట చెదిరింది. "కొంగు జారిన సంగతి... ఏదో అంది."

"కొంగు జారిన సంగతి కోకే చెప్పలేదు" అంది రత్నం.

ఆయన తల ఎత్తి చూశాడు. ఆమె గోడ వైపు చూస్తోంది. "రెండో చరణంలో అది. ఇంకోటుంది, రాసుకోండి" అంటూ మిగతాదంతా మెల్లగా, ముద్ద మాటల్లో, ఒక్క అక్షరం పోకుండా చెప్పింది. ఇంట్లో కదలలేని మనిషి చెవిలో కూడా ఇంత చెత్త పోస్తున్నారు గదా అని ఆయనకు కోపం రెట్టింపయింది. తనతో పాటు ఆమెకూ కోపంగానే ఉందనుకున్నాడు.

మూడో రోజు నుంచి ఆమె ఆయన కోసం ఎదురు చూసేది. కుల్సుం చేత దిండు ఎత్తుగా పెట్టించుకుని, ఆయన కుర్చీ దగ్గరగా లాగించేది. ఆయన ఒక్కో పాటా రాసుకుంటుంటే వాదించేది.

"అది వదిలెయ్యండి. మంచి పాట."

"మంచిదా? 'పెదవి పంచదార' అంటుంటే?"

"మీరు పాఠం చెప్పే ప్రబంధాల్లో ఇంతకంటే లేవా?"

"అవి అర్థమయ్యేవాళ్ళకే అర్థమవుతాయి."

"ఇవి అందరికీ అర్థమవుతాయి. అదేగా వీటి తప్పు" అని ఆమె నవ్వింది. మూతి ఒక పక్కకే కదిలే నవ్వు. ఆయనకూ నవ్వొచ్చింది గానీ రాసింది కొట్టెయ్యలేదు. వారం తిరిగేసరికి జాబితాలో పదకొండు పాటలు చేరాయి. "గొళ్ళెం పాట ఒక్కటీ చాలదా?" అని ఆమె చివరి రోజు అడిగింది. రాస్తే పూర్తిగా రాయాలన్నాడు ఆయన.

అర్జీ మీద ఊళ్ళో నూట ఎనభై మంది సంతకాలు చేశారు. వేలిముద్ర వేసినవాళ్ళలో యోహాను మొదటివాడు. దీపావళి వెళ్ళగానే అర్జీ విచారణకు రెవెన్యూ అధికారి జీపులో వచ్చాడు. జాబితా ఒకసారి చూసి మడిచేశాడు.

"ఏ పాట మంచిదో ఏది చెడ్డదో రోజూ కూర్చుని వినేవాళ్ళెవరండీ? మైకే తీసెయ్యమన్నాను. గొడవ వదులుతుంది" అన్నాడు.

ఆ సాయంత్రమే జాన్ సాహెబ్ గెడ ఎక్కి మైకు విప్పి దించాడు. యోహాను మర్నాడు కూతుర్ని బడి గుమ్మం దాకా తెచ్చి దిగబెట్టాడు. బడిలో పంతుళ్ళందరూ గోపాలకృష్ణయ్య చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన సంతోషంగా ఇంటికొచ్చి రత్నానికి చెప్పాడు.

"అన్నీ తీసేశారా?" అంది ఆమె.

"అన్నీ."

"దేవుడి పాట కూడానా?"

"మైకే లేదు గదా" అన్నాడు ఆయన. కాఫీ తాగి గ్రంథాలయానికి వెళ్ళాడు. ఇంక వినవలసిన పని లేదు.

కార్తీకమంతా రత్నం తిండి తగ్గుతూ వచ్చింది. రెండు ముద్దలు తిని చాలనేది. జడ వెయ్యబోతే వద్దనేది. డాక్టరు వచ్చి బలానికి ఇంజక్షన్లు ఇచ్చాడు. మార్గశిరంలో ఒకరోజు ఆయన బడి నుంచి వచ్చేసరికి కుల్సుం వాకిట్లో నిలబడి ఉంది.

"పంతులుగారూ, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. రత్నమ్మక్కకి మందులు కాదు కావాల్సింది. ఆరయితే ఆ కిటికీ వంకే చూస్తా ఉంటది. రెండేళ్ళ నించి ఆ అరగంట కోసమే పొద్దంతా పడుండేది. ఏ రోజు ఏ పాట వస్తదా అని నాతో పందెం కట్టేది."

ఆయన చేతిలోని పుస్తకాలు అరుగు మీద పెట్టాడు.

"ఆ గొళ్ళెం పాట లేదా, అది మా ఇంటాయనతో రోజూ వేయించింది నేనే. అక్క అడిగితే. ఆ పాటొస్తే అక్క నవ్వేది. 'నాకు పెళ్ళయిన కొత్తలో మీ పంతులుగారు కూడా తలుపు గొళ్ళెం మర్చిపోయేవాడే కుల్సుం, పొద్దున్నే మా అత్త తిట్టేది' అని చెప్పి చెప్పి నవ్వేది."

గోపాలకృష్ణయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు.

"మీరొచ్చి ఆ పిల్ల సంగతి చెప్పిన రోజు అక్క ఏడ్చింది. 'నాకు తెలవదు కుల్సుం, తెలిస్తే అడిగేదాన్నా' అంది. ఆ పాట ఇంక వెయ్యొద్దని చెప్పి పంపిచ్చింది. మా ఆయన మర్నాడు వెయ్యకుండా వదిలేశాడు కూడా. కుర్రాళ్ళు హాలు మీద రాళ్ళేస్తే యజమాని ఆ పూటే మళ్ళీ వేయించాడు. అందుకే మీకు ఆ చరణాలన్నీ చెప్పింది. ఆ ఒక్క పాట పోతే చాలనుకుంది అక్క. అన్నీ పోతాయనుకోలా."

ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు బడికి సెలవు పెట్టి బస్సెక్కి నరసరావుపేట వెళ్ళాడు. ఒక టేప్‌రికార్డరు కొన్నాడు. క్యాసెట్ల కొట్టులో పాట పేరు చెప్పడానికి నోరు రాలేదు. కొట్టువాడు "ఏం పాట కావాలండీ?" అని మూడు సార్లు అడిగాక, తను తెచ్చిన కాగితం తీసి ఇచ్చాడు. అది అర్జీకి రాసుకున్న జాబితా. పదకొండు పాటలూ వరసగా ఎక్కించి ఇచ్చాడు అతను.

సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు మంచం పక్కన కుర్చీ వేసుకుని మీట నొక్కాడు. గదంతా గొళ్ళెం పాట నిండింది. రత్నం ఉలిక్కిపడి చూసింది. ఆమె కళ్ళలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. తరవాత ఆయన మొహం చూసింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాస్తున్న పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"ఆపండి" అంది.

ఆయన ఆపాడు.

"ఆ మైకు నించి వస్తే అది ఎవరి పాటో. నేను దొంగచాటుగా వినేదాన్ని. ఊరంతా వింటుంటే నేనూ ఊళ్ళో ఉన్నట్టుండేది. ఇక్కడ మీరు వేస్తే..." ఆమెకు మాట అందలేదు. "సిగ్గేస్తోందండీ. ఈ ఒంటితో."

"కుల్సుం చెప్పింది రత్నం. నాకు తెలియక..."

"మీరు చేసింది తప్పు కాదు. ఆ పిల్ల బడికెళ్తోందిగా." ఆయన కూర్చున్న కుర్చీ వంక చూసి, "ఆ వారం బాగుంది" అంది. "పాటలకి కాదు. మీరు కూర్చున్నారని."

ఆ రోజు నుంచి ఆయన గ్రంథాలయానికి వెళ్ళలేదు. రోజూ ఆ కుర్చీలో కూర్చున్నాడు. మాటలు దొరకని రోజున పత్రిక చదివి వినిపించేవాడు. పెళ్ళయిన కొత్తలో సంగతులు ఒకటో రెండో తీశాడు. ఆమె వినేది, అప్పుడప్పుడూ చెయ్యి నొక్కేది, కానీ తిండి మళ్ళీ పుంజుకోలేదు. వీపు మీద పడిన పుండ్లు మానలేదు. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, కుల్సుం తల దువ్వుతుండగా, రత్నం పోయింది. ఆయన అప్పుడు బడిలో సమాసాలు చెప్తున్నాడు.

పన్నెండో రోజు అయ్యాక యోహాను, ఫిలోమినా వచ్చారు. యోహాను తుండుగుడ్డ చేతిలో పట్టుకుని, "అయ్యా, మీ మూలాన మా పిల్ల బతికింది. అమ్మగారు ఉండి చూడాల్సింది" అన్నాడు. తనకు పని ఉందని ముందు వెళ్ళిపోయాడు. ఫిలోమినా అరుగు అంచున నిలబడింది.

"ఇప్పుడెవరూ ఏమీ అనడం లేదు గదా?" అని అడిగాడు గోపాలకృష్ణయ్య.

ఆ పిల్ల తల దించుకుంది. అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

"పాట పోయింది గానీ వాళ్ళు ఏడకి పోతారు సార్? ఆ పాటే ఈలేస్తారు. నాన్నకి చెప్పలా. మైకు లేదు గదా అని పంపిస్తన్నాడు. చెప్తే మళ్ళీ మాన్పిస్తాడు."

ఆయనకు కోపం రాలేదు. దుఃఖం మాత్రం వచ్చింది, ఎవరి కోసమో తెలియలేదు. లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుని వచ్చాడు.

"పదమ్మా. నేనూ వస్తాను."

"వద్దు సార్, మీకెందుకు శ్రమ..."

"పద."

పొద్దు వాలుతోంది. కల్వర్టు మీద కుర్రాళ్ళు పంతుల్ని చూసి కిందికి దిగారు. ఒకడు బీడీ చాటున దాచాడు. ఇద్దరు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎవరూ ఈల వెయ్యలేదు. చర్చి దాకా వెళ్ళి, పిల్ల తడిక తోసుకుని లోపలికి పోయిందాకా ఆయన నిలబడ్డాడు. అటూ ఇటూ కలిపి పావుగంట నడక. మొదటి రోజే ఈ పావుగంట నడిచి ఉంటే అనుకున్నాడు. ఆ పైన ఆలోచించలేకపోయాడు.

పరీక్షలయ్యేదాకా రోజూ ఆ పిల్లతో పాటు నడిచాడు. తోవలో పద్యాలు అప్పజెప్పించుకునేవాడు. వేసవిలో ఫలితాలొచ్చాయి. ఫిలోమినా ఫస్టు క్లాసులో పాసై, నర్సు చదువుకని గుంటూరు వెళ్ళింది. టేప్‌రికార్డరు కుల్సుం వాళ్ళింటికి పంపించాడు. సాయంత్రం కాగానే ఆయన కాళ్ళు బడి వైపు నాలుగడుగులు వేసేవి. అక్కడ తన కోసం ఎదురుచూసేవాళ్ళు లేరని గుర్తొచ్చి వెనక్కి తిరిగేవాడు. ఇంట్లోనూ లేరు.