ఎడమ రికాబు

“మడమ! మడమ కిందికి దించమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? నువ్వెక్కింది గుర్రమా, నిచ్చెనా?”

వెర్లీన్ టోస్ట్రప్ గొంతు దొడ్డి దాటి, గడ్డివాములు దాటి, వాగు అవతల మేస్తున్న దూడలదాకా పోయింది. దూడలు తలలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. వాటికి అలవాటే. అలవాటు కానిది కోడలు కొరీన్‌కే.

కొరీన్‌ది బిల్లింగ్స్ అనే పట్నం, అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మందలు మేపే ఈ పశువుల రాంచికి కోడలిగా వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. పట్నంలో ఏదో రైడింగ్ క్లబ్బులో కొన్నాళ్ళు నేర్చుకుంది. అక్కడ నేర్చుకున్నదాంట్లో భయం ఒక్కటే దానికి బాగా వంటబట్టిందని అత్తగారి తీర్పు. ఆ భయం కూడా మోకాళ్ళలో కాపురం పెట్టింది. గుర్రం కాస్త వేగం అందుకుందంటే చాలు, రెండు మోకాళ్ళూ జీనును పటకారులా పట్టేసేవి. పట్టగానే మడమ పైకి లేచేది, ఒళ్ళు ముందుకు తూలేది.

“తడి సబ్బును పిడికిట్లో నొక్కితే ఏమవుతుంది? ఎగిరి అవతల పడుతుంది. మోకాళ్ళతో నొక్కితే నీ గతీ అంతే. వదులు చెయ్. కాలు తుంటి నుంచి బరువుగా వేలాడాలి. నీ భుజం, నీ తుంటి, నీ మడమ ఒక్క గోడకి ఆనించినట్టుండాలి. రికాబు మీద పాదం ముందు భాగమే ఆనాలి. పాదమంతా లోపలికి దూర్చావో, పడ్డ రోజున గుర్రం నిన్ను ఊరంతా ఈడుస్తుంది. మీ క్లబ్బులో ఈ ముక్క చెప్పలేదా, కాఫీ పోసి పంపేశారా?”

“చెప్పారు మేడమ్. అరవకుండా చెప్పారు.”

పెళ్ళయిన కొత్తలో కొరీన్ అత్తగారిని పేరుతోనే పిలిచేది. ఇప్పుడు మాటకొక మేడమ్. మర్యాద పెరిగేకొద్దీ కారం పెరిగే మనుషులు కొందరుంటారు.

“అరవకపోతే నీకెలా వినబడుద్ది? నీ చెవులు కూడా మోకాళ్ళకిందే నలుగుతున్నాయిగా.”

కంచె మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నముల్తున్న డెల్ పొట్టు ఉమ్మేశాడు. వెర్లీన్‌కి ఒక్కడే కొడుకు, కొరీన్‌కి మొగుడు. వేసవంతా ఈ ఇద్దరి మధ్యా పడి వాడు కూడా ఆ గింజల్లాగే నలుగుతున్నాడు.

“అమ్మా, శనివారం మందని కొండ మీంచి దించేటప్పుడు నువ్వు పికప్ బండిలో రాకూడదూ? ఆ చీలమండ గురించి డాక్టరు…”

“ఆ డాక్టరు పుట్టి బుద్ధెరిగి గుర్రం ఎక్కాడా? సాండ్‌విచ్‌లు మోసుకుంటూ మంద వెనక దుమ్ము తాగడానికా నన్ను కన్నారు? మీ నాన్న పోయినకాణ్ణించీ మంద ముందు నడిచేది నా గుర్రం. పికప్‌లో కూర్చోబెట్టాలనుంటే నీ పెళ్ళాన్ని కూర్చోబెట్టు.”

“సరే తల్లీ! ఇద్దర్లో ఎవరి కాలు కుదురుగా లేకపోతే వాళ్ళే పికప్‌లో. ఇంక ఆపండి.”

గొడవ వదిలించుకోవడానికి అన్న మాట అది. కానీ వెర్లీన్ దాన్ని గాల్లోనే పట్టేసుకుంది.

“ఒప్పుకున్నా.”

“నేనూ ఒప్పుకున్నా మేడమ్,” అంది కొరీన్.

వెర్లీన్ అంత ధీమాగా ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం టక్కర్ అనే ఆమె బూడిదరంగు గుర్రానికీ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు.

చలికాలం వెళ్ళే రోజుల్లో ఒక ఎద్దు ఇనప గేటును తన్నితే, ఆ గేటు వచ్చి ఆమె ఎడమ చీలమండ మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ కీలు బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా మడమ కిందికి దిగదు. గుర్రం పరుగందుకుంటే చాలు, ఆ కాలు గుడిసె తలుపులా ముందుకూ వెనక్కూ కొట్టుకునేది. పాదం జారి జారి మడమదాకా రికాబులో కూరుకుపోయేది. కోడలికి ఏది చెయ్యొద్దని గొంతు చించుకుంటోందో, సరిగ్గా అదే తన కాలు చేస్తోంది.

అందుకని ఆమె గడ్డిమోపులు కట్టే నారింజరంగు ప్లాస్టిక్ తాడు ముక్క తీసుకుని, ఎడమ రికాబును గుర్రం పొట్ట కింద బిగించే పట్టీకి కట్టేసింది. పైన జీను తోలు కప్పేస్తుంది కాబట్టి ముడి కనబడదు. రికాబు కదలదు. రికాబు కదలకపోతే కాలు కదలదు. “ఈ వయసులో కూడా వెర్లీన్ కాలు చూడండ్రా, పోతపోసినట్టు!” అని చుట్టుపక్కల రాంచిల వాళ్ళు పిల్లలకి చూపించేవాళ్ళు. గుర్రం పడితే ఆ కాలు బయటికి రాదని ఆమెకు తెలియక కాదు. ఎప్పుడో ఒక పాలేరు ఇలాగే రికాబు కట్టుకుంటే, ఆమె తండ్రి వాడిని రాత్రి భోజనం కూడా పెట్టకుండా తరిమేశాడు. ఆ కథ ఆమే అందరికీ చెబుతుంది.

అయినా కట్టింది. మంద ముందు చోటు పోతే తనకింక మిగిలేది వంటిల్లే. వంటింట్లో ఇప్పుడు కొరీన్ ఉంది.

శనివారం తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. పొరుగు రాంచిల వాళ్ళు గుర్రాల మీద వాకిట్లో సిద్ధంగా ఉన్నారు. పికప్ నడపడానికి ముసలి ఓర్విల్ వచ్చాడు. కొరీన్‌కి క్లబ్బులో అబ్బిన అలవాటొకటి ఉంది. ఎవరు గుర్రం ఎక్కబోతున్నా పొట్టపట్టీ కింద వేళ్ళు దూర్చి బిగువు చూస్తుంది. వెర్లీన్ దాన్ని “నర్సమ్మ వేషాలు” అని ఎగతాళి చేసేది. ఆ పొద్దున్న వెర్లీన్ చేతితొడుగులు వెతుక్కుంటుండగా, కొరీన్ కొట్టంలో టక్కర్ పట్టీ చూసింది. వేళ్ళకు తాడు తగిలింది.

“ఇదేంటి మేడమ్?”

“చెయ్యి తియ్.”

“రికాబు కట్టేశారు.”

“నా గుర్రం, నా జీను, నా తాడు. నీ గుర్రం దగ్గిరికి నువ్వు పో.”

“గుర్రం పడితే?”

“నా గుర్రం పడదు.”

“పడ్డవాళ్ళంతా ముందురోజు ఇదే మాట అనుంటారు.” కొరీన్ జేబులోంచి మడతకత్తి తీసింది. “డెల్‌ని పిలవమంటారా, నన్ను కొయ్యమంటారా?”

వెర్లీన్ ముఖం ఎర్రగా కందింది. “అదీ సంగతి! నన్ను పికప్‌లో పడేసి నా చోట నువ్వు ఊరేగాలని.”

“అవును. అబద్ధమెందుకు? మీరు ఆ దుమ్ములో దగ్గుతుంటే చూడాలని వేసవంతా కలలు కన్నాను. కానీ రాళ్ళ మీద మీ తల పగిలిపోతుంటే చూడాలని లేదు. అప్పుడు గుర్రం వెంట పరిగెత్తాల్సింది నేనే. మీ అబ్బాయికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి.”

పగ్గం పట్టుకున్న వెర్లీన్ చెయ్యి లేచింది. కొరీన్ వెనక్కి తగ్గలేదు. కత్తి పటుక్కున తాడు కోసేసింది. బయటి నుంచి ఓర్విల్ కేకేశాడు: “వెర్లీన్! మంద కొండ మీదే ముసలైపోతోంది, వస్తావా?”

ఇంక చేసేదేం లేదు. వెర్లీన్ కోడలి ముఖంలో ముఖం పెట్టి, “పాము పిల్లవే నువ్వు,” అని గుర్రమెక్కింది.

నడకలో ఉన్నంతసేపూ బాగానే ఉంది. కొండదారి ఎక్కి, మందను పోగుచేసి, దించడం మొదలుపెట్టాక టక్కర్ పరుగందుకుంది. ఎడమ కాలు ఊగడం మొదలైంది. ఆమె పాదాన్ని వెనక్కి లాక్కుంటుంది, అది మళ్ళీ లోపలికి జారుతుంది. వెనక పక్కవరసలో కొరీన్ గుర్రం గిట్టల చప్పుడు వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు తన కాలినే చూస్తున్నట్టు వెర్లీన్‌కి వీపంతా మంటగా ఉంది.

సేజ్ పొదల్లోంచి ఒక అడవికోడి టపటపమని లేచింది. టక్కర్ ఎడమకు ఒక్క గెంతు గెంతింది. వెర్లీన్ కుడిపక్కకు ఒరిగింది. ఎడమ పాదం మడమదాకా రికాబులో ఉంది. ఆమె జీను మీంచి జారుతుంటే రికాబు కూడా కాలితోపాటు పైకి లేచి తిరిగింది. బూటు ఒక్క క్షణం పట్టుకుని, వదిలేసింది. ఆమె పొదల్లో వెల్లకిలా పడింది. టక్కర్ ఖాళీ జీనుతో బండల మీదుగా వాగుదాకా పరిగెత్తింది.

ఆ బండల వంక చూస్తూ వెర్లీన్ కాసేపు ఊపిరి వెతుక్కుంది. తాడు ఉండుంటే ఆ బండల మీద ఇప్పుడు తన పుర్రె ఉండేది. తనను కాపాడింది ఎవరో కూడా తెలుసు. నడుము నొప్పి కంటే ఆ సంగతే ఎక్కువ సలిపింది.

కొరీన్ గుర్రాన్ని ఆపింది. దిగలేదు.

“కాళ్ళూ చేతులూ కదుల్తున్నాయా?”

“నీ పీక పిసికేంత కదుల్తున్నాయి.”

“అయితే ఫరవాలేదు.”

డెల్ పరుగున వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. “ఏమైందమ్మా? నువ్వు పడటమేంటి?”

వెర్లీన్ నోరు తెరిచేలోపే కొరీన్ అందుకుంది. “అడవికోడి లేచింది. గుర్రం బెదిరింది. ఎవరైనా పడేవాళ్ళే.”

అంతటితో సరిపోయేది. డెల్ నమ్మాడు కూడా. గుర్రాన్ని తెచ్చిస్తే ఎక్కి, మంద ముందు నడిచి, ఊరంతటి ఎదటా తల ఎత్తుకుని ఇంటికి పోవచ్చు. కానీ ఇకనుంచి ప్రతి పొద్దూ కాఫీ తాగుతూ ఆ పట్నం పిల్ల కళ్ళల్లో ఈ అబద్ధం చూడాలి. దాని దయ మీద గుర్రమెక్కాలి. వెర్లీన్ పొదలు పట్టుకుని లేచి నిలబడింది.

“నోర్ముయ్యవే,” అంది కోడలితో. కొడుకు వైపు తిరిగింది. “కోడీ లేదు, గీడీ లేదు. నా కాలు చచ్చింది. చాలా రోజులైంది చచ్చి. రికాబు తాడుతో కట్టుకుని మీ అందరికీ నాటకం ఆడాను. పొద్దున ఇది కోసేసింది. చాలా?”

“తాడుతో కట్టావా? అమ్మా, నీకు పిచ్చా? తాతయ్య ఆ పాలేరుని…”

“ఆ కథ నీకు చెప్పింది నేనేరా! నాకే చెప్తావేంటి? మంద ముందు దీన్ని పెట్టు. మోకాళ్ళు ఇంకా బిగిస్తోంది గానీ, దీని గుర్రం గెంతినప్పుడు కూడా మడమ కిందే ఉంది. నేను పడుతూ చూశాను.”

కొరీన్ ఏదో అనబోయింది.

“నువ్వేం అనొద్దు,” అంది వెర్లీన్. “నువ్వు నాకు సాయం చెయ్యలేదు. గుర్తుంచుకో.”

“చెయ్యలేదు మేడమ్,” అని కొరీన్ గుర్రాన్ని మంద ముందుకు అదిలించింది. వెనక్కి తిరిగి చూడలేదు.

వెర్లీన్ కుంటుకుంటూ మంద వెనక వస్తున్న పికప్ దగ్గరికి వచ్చింది. ఓర్విల్ పక్క సీటు మీది సాండ్‌విచ్‌ల పెట్టె తీసి చోటు చేశాడు.

“పక్కన కూర్చునే రకాన్ని కాను. నువ్వు జరుగు,” అంది.

ఓర్విల్ జరిగాడు. ఆమె ఎక్కి, తలుపు ధడేల్న వేసి, తాళం తిప్పింది. ఆ బండి పాతది, క్లచ్ రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని తొక్కాల్సింది ఎడమ కాలితోనే. ఆమె పళ్ళు బిగించి, చీలమండ వంగక, మడమనే దాని మీద గుద్దిపెట్టి మొత్తం బరువు వేసింది. గేరు గర్రుమని అరిచింది. మంద చివరనున్న ఆవులు నాలుగు బెదిరి పొదల్లోకి పారిపోయాయి. వాటిని మళ్ళించడానికి ఎవరో ఒకరు వెనక్కి రావాలి. దుమ్ములో వస్తున్నది ఎవరో తెలియలేదు గానీ, ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది:

“చూస్తారేంట్రా? నా ఆవుల్ని తోలుకురండి!”