మొహమాటం లేని దారం

విమానాశ్రయం కట్టినన్నాళ్లూ వరమ్మ తలమీంచి సిమెంటు మాలు తట్ట దిగలేదు. కట్టడం అయిపోయింది. విమానాలు లేచాయి, వరమ్మ పని పోయింది. ఏడాదిగా మంఖాల్ నుంచి అత్తాపూర్ కూలీల అడ్డా మీదికి పోయి నిలబడుతోంది. వారంలో మూడు రోజులు వట్టి చేతులతో వాపసు. మెడ పట్టేసింది. అందుకే శంషాబాద్‌లో ఒక సరుకుల గోదాములో ఉద్యోగం ఖాళీ ఉందనగానే ఉరికింది. కూర్చుని చేసే పని. వచ్చిన పెట్టె నొక్కుకుపోయిందా, సీలు ఊడిందా చూసి చెప్పాలి. అంతే.

ఆ అంతేకి బొమ్మల పరీక్ష పెట్టారు. ఒక్క తప్పు రాసినా ఇంటికే అన్నారు. ఉద్యోగం ఒకటి, వచ్చినవాళ్లు పదిమంది.

వరండాలో ఆమె పక్కన జగన్ కూర్చున్నాడు. ఇంటర్ పాసైన పిల్లగాడు. చేతిలో బొమ్మల గైడు.

"అక్కా, గిది గిన్నె అనుకుంటవు. కాదు. ఎదురెదురుగ రెండు మొఖాలు."

"నాకు గిన్నెనే కనవడుతుంది తమ్మీ."

"జర సేపు చూడు."

"ఆఁ, ఉన్నరు. కొట్లాడెతందుకు నిలవడ్డట్టున్నరు."

"ఇగ గిది చూడు. రెండు గీతలు. ఒకదాని కొసలకు రెక్కలు లోపలికి, ఇంకోదానికి బయటికి. బయటికున్నది పొడుగనిపిస్తది. మోసం. కండ్లు మూస్కొని సమానం అని రాయి."

"కొలవకుంట ఎట్ల రాస్తరు?"

"కొలుసుడేంది అక్కా? బుక్కులనే ఉన్నది."

లోపల సూపర్‌వైజర్ రాజశేఖర్ జిరాక్స్ కాగితాలు పంచాడు. పొదలో దాక్కున్న జింకలు ఏడు. వరమ్మ ఏడూ పట్టింది. ఒకేలా ఉన్న రెండు ఇళ్లలో తేడాలు ఐదు. గోడలు కట్టిన మనిషికి అదో లెక్క కాదు. చివర ఆ రెండు గీతలు, ఒకే వరుసలో పక్కపక్కన. కుడిది పొడుగ్గా కనబడింది.

వరమ్మ కొంగు ముడి విప్పి దారం తీసింది. కుర్మయ్య మేస్త్రి గోడకు దారం కట్టినప్పుడల్లా రెండో కొస పట్టింది ఆమే. కన్ను మొహమాటపడతది, దారం పడదు అనేవాడాయన.

"అమ్మా, ఇది చూపు పరీక్షండీ, కొలతల పరీక్ష కాదు," అన్నాడు రాజశేఖర్.

"చూపు మీద అనుమానమొచ్చింది సార్. అందుకే కొలుస్తున్న."

ఎడమది పొడుగు, నువ్వు గింజంత. అదే రాసింది. మిగతా తొమ్మిదిమందీ సమానం అని రాశారు. తొమ్మిదిమంది దగ్గరా అదే గైడు ఉంది మరి.

రాజశేఖర్ ఆమె కాగితం మీద ఎర్ర పెన్ను ఎత్తాడు. "తప్పండీ. చాలా పాత పజిల్ ఇది. రెండూ సమానం."

"తప్పంటే తప్పు కొట్టుండ్రి. గని కొలిచి కొట్టుండ్రి."

గదిలో నవ్వారు. రాజశేఖర్ కూడా నవ్వుతూనే స్కేలు పెట్టాడు. ఎడమది ఆరు సెంటీమీటర్లు. కుడిది ఐదు పాయింట్ ఏడు. నవ్వు ఆపి మళ్లీ పెట్టాడు. అంతే వచ్చింది. బీరువాలోంచి అసలు పుస్తకం తీసి కొలిచాడు. అందులో సమానం.

"కుడి అంచుకు నల్ల చార చూడుండ్రి సార్," అంది వరమ్మ. "పుస్తకం నడుమ కాడ కాగితం వంగింది. వంగినకాడ గీత కురచైంది."

రాజశేఖర్ తల గోక్కున్నాడు. "జిరాక్స్ తీసేటప్పుడు పుస్తకం కుట్టు ఊడిపోతుందని నేనే గట్టిగా నొక్కలేదు."

జగన్ లేచాడు. "సార్, బుక్కు ప్రకారం మేము రాసిందే కరెక్టు."

"గోదాములోకి పుస్తకం రాదు బాబూ, పెట్టెలొస్తాయి." ఎర్ర పెన్ను వరమ్మ కాగితం వదిలి మిగతా తొమ్మిదింటి మీద పడింది. "అమ్మా, రేపు ఎనిమిదింటికి రండి."

వరమ్మ మెడ నిమురుకుంటూ బయటికొచ్చింది. వెనకాలే జగన్.

"పైసలు పెట్టి గైడు కొన్న అక్కా. నీ దారం గెలిచింది. మళ్ల పోస్టు పడితే నాకు చెప్పు. జానెడు దారం ఇయ్యి, దగ్గర పెట్టుకుంట."

తెంపి ఇచ్చింది. జగన్ దాన్ని అరచేతి మీద పరిచి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా సాగదీసి చూశాడు.

"జానెడు లేదక్కా. తక్కువున్నది."

"ఇగ నేర్చినవు," అంది వరమ్మ.