మొహమాటపు సంతకం

చెల్లి పర్మిట్ శుక్రవారంతో ఆఖరు. మంగళవారం పొద్దున ఎనిమిదింటికే మేం ముగ్గురం, అంటే నేను, మా ఆయన, చెల్లి, ఇమిగ్రేషన్ ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నాం. ఫైలు నా చంకలోనే ఉంది. ఆయన చేతికిస్తే బస్సులో మర్చిపోతారని నా భయం. ఆ నెలంతా నాకు అన్నీ భయాలే. భయమేస్తే నాకు నోరు లేస్తుంది, ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆర్నెల్ల కింద చెల్లి ఈ దేశానికి చుట్టపుచూపుగా వచ్చింది. వచ్చిన రోజే గాజులు తీసి పక్కన పెడుతుంటే చూశాను, ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది. "మెట్ల మీద పడ్డానక్కా" అంది. మూడో రోజుకు గానీ నిజం చెప్పలేదు. విరిచింది మా మరిది, దాని మొగుడే. అప్పటినుంచి వాడు రోజూ మెసేజ్ పెడుతున్నాడు. తిడితే నయం, తిట్టడు. "టికెట్ ఎప్పటికి? ఎయిర్‌పోర్టుకు నేనే వస్తా. ఇంటికి కొత్త తాళం వేయించా, బయటినుంచి వేసేది." అంతే. చెల్లి వెనక్కి వెళ్తే మళ్లీ ప్రాణాలతో చూస్తానన్న నమ్మకం నాకు లేదు.

మరో ఏడాది ఉండాలంటే హామీదారు కావాలి. ఆమె తిండి, పడక, ఆస్పత్రి ఖర్చు, తిరుగు ప్రయాణం, అన్నీ మావేనని రాసివ్వాలి. ఆర్నెల్ల జీతం చీటీలు పెట్టాలి. ఇంటి అద్దె ఒప్పందం, ఆమెకో విడి గది ఉందని ఇంటి ఓనరు ఉత్తరం కావాలి. నేను బట్టలు ఆల్టరేషన్ చేసే షాపులో కుడతాను, ఆయన బేకరీ వ్యాను నడుపుతారు. ఇద్దరి జీతాలు కలిపితే వాళ్లడిగినదానికి కాస్త పైనే. విడి గది చూపించడానికి నా మిషన్ని వంటింట్లోకి నెట్టేశాను, పొయ్యి పక్కన కూర్చుని జిప్పులు వేస్తున్నాను. ప్యాంటు అంచు పావంగుళం తేడా రానివ్వనిదాన్ని, కాగితాల్లో రానిస్తానా? ఫైల్లో ఒక్క వంక దొరకదని నా ధీమా.

కౌంటర్లో ఆవిడ కళ్లజోడు సర్దుకుని కాగితాలన్నీ తిరగేసింది. ఒక్కోదానికీ తలూపుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కంప్యూటర్లో ఏదో కొట్టి ఆగిపోయింది.

"మీరు ఇంకొకరికి కూడా హామీ ఉన్నారుగా?"

"లేదండీ. ఇదే మొదటిసారి."

"మీరు కాదు. మీ వారు."

నేను నవ్వాను కూడా. "పొరపాటు పడుంటారండీ. ఈయన నాకు చెప్పకుండా చొక్కా కూడా కొనుక్కోరు."

ఆవిడ తెర ఇటు తిప్పింది. కింద ఆయన సంతకం, చివర ఆ పొడుగు తోకతో సహా. పక్కకు చూద్దును కదా, మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీ సంపాదనకి ఒక్క మనిషికే ఒప్పుకుంటాం" అందావిడ. "ఆ మనిషి గడువు దాటి రెండు నెలలైంది. దేశం వదిలి వెళ్లిన దాఖలా లేదు. అతని సంగతి తేలేదాకా మీ చెల్లెలి కాగితం కదలదు."

ఆయన్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను.

"ఎవరు?"

"మెల్లగా అను, అందరూ చూస్తున్నారు."

"చూడనీండి! ఎవరా మనిషి?"

"టైర్ల షాపులో పొడుగోడు."

పొడుగోడు! మా ఆయన వ్యానుకు పంక్చర్లు వేసేవాడు. మేం ఇల్లు మారినప్పుడు నా కుట్టుమిషన్ని నాలుగో అంతస్తు దాకా భుజాన మోసుకొచ్చి, గ్లాసెడు మంచినీళ్లు తాగి, "ఇంకేమైనా ఉన్నాయా వదినా?" అని అడిగినవాడు. నాకు ఒక్క క్షణం కోపం కూడా రాలేదు. తర్వాత వచ్చింది.

"ఎందుకు పెట్టారండీ సంతకం?"

"షాపు ఓనరు అడిగాడు. నలుగురిలో టీ తాగుతున్నాం. సంతకమే కదా అన్నాడు. అందరూ నా వంకే చూస్తున్నారు. కాదంటే ఏం బాగుంటుంది? మొహమాటమేసింది."

"మొహమాటమా! ఎవడైనా అడిగితే ఇంటి తలుపులు ఊడదీసిచ్చేసి, మొహమాటమేసిందే అంటారు మీరు! ఇప్పుడది నా చెల్లి మెడకు చుట్టుకుంది. వాడి గడువైపోయిందని తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి వెళ్లిపొమ్మని చెప్పలేదా?"

"పొమ్మని నోటితో ఎలా చెప్తానే? వాళ్లమ్మకి కళ్ల ఆపరేషన్ చేయించాలంటున్నాడు. ఇంకొన్నాళ్లు పని చేసుకుంటానన్నాడు."

మళ్లీ కౌంటర్ దగ్గరకు వెళ్లాం. ఆవిడ గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. అలా మర్యాదగా మాట్లాడుతుంటే నాకు ఇంకా భయమేసింది.

"ఆ మనిషిని టికెట్టుతో సహా ఇక్కడికి తీసుకురండి. లేదంటే హామీ వెనక్కి తీసుకుంటున్నామని రాసివ్వండి. రాసిస్తే ఇప్పుడుంటున్న అడ్రస్ తప్పనిసరి."

"అడ్రస్ తెలియదంటే?"

"తెలిసి దాచారని తేలితే మీ మీద కేసవుతుంది. ఆ తర్వాత మీరు ఎవరికీ హామీ ఉండలేరు."

మా ఆయన నా చెవి దగ్గరకు వంగి, "ముందు వాడికో మాట చెప్దాం. ఇప్పుడే వెళ్లొస్తాను" అన్నారు. అదే న్యాయమని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. కానీ చెప్పాక వాడు పారిపోతే? టికెట్టు కొనుక్కుని బుద్ధిగా వెళ్లిపోయేవాడైతే రెండు నెలల కిందే వెళ్లిపోయేవాడు. పారిపోతే వాడి అడ్రస్ ఉండదు, దీని పర్మిట్ ఉండదు.

చెల్లి బెంచీ మీద కూర్చుని ఉంది. మా గొడవేమిటో దానికి తెలియదు. దాని ఫోన్ మోగింది. చూసి నాకందించింది, వాళ్లాయన మెసేజ్. "శనివారమేగా ఫ్లైటు? కారు మాట్లాడేశా." వేళ్లు స్వెట్టరు చేతుల్లోకి లాక్కుని దాచుకుంటోంది.

"నన్ను పంపించేస్తారా అక్కా?"

"నోరు మూసుకుని కూర్చో. ఎవరు పంపిస్తారు నిన్ను?" అన్నాను. దాన్ని తిట్టినట్టే అన్నాను. మా ఆయన దగ్గరకొచ్చి, "రాసివ్వండి" అన్నాను.

ఆయన సంతకం పెట్టారు. అడ్రస్ గడి దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఒక నిమిషం చూశాను. తర్వాత ఆ పెన్ను లాక్కుని నేనే రాశాను. టైర్ల షాపు, వెనక గది. ఎడమ పక్క ఇనుప మెట్లు. పగలు షాపులోనే ఉంటాడు. అంత వివరం ఎవరూ అడగలేదు. సరిపోలేదని మళ్లీ పిలిపిస్తారేమోనన్న భయంతో రాసేశాను.

గంటలో చెల్లి పాస్‌పోర్టులో ముద్ర పడింది, ఏడాదికి. బస్సులో అది నా భుజం తడిసిపోయేలా ఏడ్చింది. నాకు సిగ్గేసింది, కానీ సంతోషమే ముందేసింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ సంతోషం రెండు పూటలు కూడా నిలవలేదు. బుధవారం మా ఆయన వ్యాను టైరులో గాలి తగ్గినా ఆ షాపుకి వెళ్లకుండా చుట్టు తిరిగొచ్చారు. అన్నం ముందు కూర్చుని, "వెళ్లి చెప్పొస్తానే, పాపం" అన్నారు. "చెప్పి? వాడు పారిపోతే మనమే తప్పించామంటారు. ఇచ్చిన ముద్ర కొట్టేస్తారు" అని నేనే ఆపాను. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా మిషన్ ఆపేసేదాన్ని. పొడుగోడు అడగడానికొచ్చాడేమో అనుకునేదాన్ని. చెల్లి మాత్రం ఆర్నెల్ల తర్వాత మొదటిసారి కూనిరాగం తీస్తూ ఇల్లు ఊడ్చింది.

గురువారం సాయంత్రం ఐదింటికి మా ఆయన ఫోన్ మోగింది. తెర మీద పొడుగోడి పేరు. ఆయన గిన్నెలు కడుగుతున్నారు, చేతుల నిండా సబ్బు నురగ. ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆగిపోయి మళ్లీ మోగింది. కూరగాయలు తరుగుతున్న చెల్లి, "చేతులు తడిగా ఉన్నాయా బావా? ఉండండి" అంటూ నేను వద్దనేలోపే ఫోనెత్తి స్పీకర్లో పెట్టింది.

"అన్నా! ఉన్నావా? ఆఫీసువాళ్లట, ఇద్దరొచ్చారు. నా కాగితాలు అడుగుతున్నారు. నాకేం భయం లేదులే. గడువు సంగతి మా అన్న అప్పుడే చూసుకుంటానన్నాడు, మీ ఆఫీసులోనే ఫీజు కట్టేసుంటాడు చూడండి అని చెప్పా. వీళ్లు వినట్లేదు. ఫోనిస్తున్నా, నువ్వొక్క మాట చెప్పన్నా."

నేను మా ఆయన వైపు తిరిగాను. "చూసుకుంటానన్నారా?"

"అడిగితే... చూద్దాంలే అన్నాను" అన్నారు. ఇది కూడా నాకు చెప్పలేదు.

"హలో" అంది కొత్త గొంతు. "హామీదారు ఇల్లేనా?"

నేనే ఫోన్ దగ్గరకు వంగాను. "అవునండీ."

"మంగళవారం ఈ అడ్రస్ రాసిచ్చింది మీరేనా?"

చెల్లి చేతిలో కత్తి ఆగిపోయింది. దానికి అప్పుడర్థమైంది. నా ముఖం వంక చూస్తూ ఉండిపోయింది, నేను దాని వంక చూడలేకపోయాను.

"నేనేనండీ."

"అయితే ఇతని తరఫున మీరేం చెప్పేది లేదుగా?"

"లేదండీ" అన్నాను.

వెనకనుంచి పొడుగోడి గొంతు వినిపించింది, తేలికపడినట్టుగా. "మా వదినా సార్ ఫోన్లో? అయితే ఇంకేం పర్లేదు. ఏమంటోంది వదిన?"

ఆ ఆఫీసరు ఏం చెప్పాడో మాకు వినపడలేదు. ఫోన్ కట్టయింది.