కొలవకుండా కుట్టిన కోటు

పెద్ద మాస్టరు టేపు పట్టాడంటే ఇక తిరుగులేదని వీధి వీధంతా చెప్పుకునేది. గూని మనిషి కూడా ఆయన కుట్టిన కోటు వేసుకుంటే నిటారుగా కనిపించేవాడు. అంతటి పనివాడు కట్టుకున్న భార్యకు మాత్రం ఒక్క బట్ట కుట్టిన పాపాన పోలేదు. ఆవిడ అడిగినప్పుడల్లా "ఈ సీజను కానీ" అనేవాడు. సీజన్లు వస్తూనే ఉన్నాయి, ఆవిడ బజార్లో కొన్న వదులు బట్టలతోనే సరిపెట్టుకుంటోంది.

కింద దుకాణం, పైన ఇల్లు; ఆ ఇంట్లో భార్యాభర్తలు, వాళ్ల కూతురు, ఆయన తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి ఆయనే కళ్లలో పెట్టుకుని పెంచాడు, పక్కన కూర్చోబెట్టుకుని కత్తెర పట్టడం నేర్పాడు. వదినా మరుదులు అంచులు కుడుతూ నవ్వుకుంటుంటే ఆయనకు ముచ్చటేసేది. పాపం, అంతకు మించి ఆలోచించే తీరిక ఆయనకెక్కడిది?

ఆ చలికాలం తమ్ముడు వదినకు నీలం కోటు కుట్టాడు. ఆవిడ అది తొడుక్కుని దుకాణంలోకి దిగింది. పెద్ద మాస్టరు అలవాటు కొద్దీ చుట్టూ తిరిగి చూశాడు. వీపు మీద ఒక్క ముడత లేదు. ఎడమ భుజం నొక్కి చూస్తే లోపల ప్యాడ్ మందంగా తగిలింది.

"ఇటువైపు ఎక్కువ పెట్టావేంట్రా?"

"వదినకి ఆ భుజం కాస్త జారుంటుందిగా అన్నయ్యా."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆ వదులు బట్టల్లో అది ఎవరికీ కనపడేది కాదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మొగుడికే తెలియలేదు.

"కొలతలెప్పుడు తీశావు?"

"తియ్యలేదు."

తీశానని ఒక్క అబద్ధం ఆడితే పోయేది! పని విషయంలో అన్నకు అబద్ధం చెప్పడం వాడికి చేతకాలేదు.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్లనిండా నీళ్లు. ఆయన స్టూలు మీద కూలబడ్డాడే తప్ప పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది, ఆ ఇద్దరి గుండెలూ కాస్త తేలికపడేవి.

ఆ సాయంత్రమే తమ్ముడు అన్న చేతులు పట్టుకుని ఏడ్చి, ఎక్కడికో చెప్పకుండా వెళ్లిపోయాడు. ప్రేమ లేక కాదు, అన్న ఎదుట వదినను రమ్మని పిలవడానికి నోరు రాలేదు. "బాబాయేడీ?" అని కూతురు అడిగితే ఆయన తల దించుకుని మిషను తొక్కుతూనే ఉన్నాడు.

తర్వాత కొన్నాళ్లు మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. ఒక ఉదయం ఆవిడ సంచీతో కిందికి దిగింది.

"మా అక్క దగ్గరికి వెళ్తున్నానండీ. పాప మీ దగ్గరే ఉంటానంటోంది."

ఆయన ప్రాణం విలవిల్లాడింది. తమ్ముడు ఎలాగూ పోయాడు, ఈవిడ కూడా పోతే ఇక మిగిలేదేముంది? తప్పు నీ ఒక్కదానిదే కాదని చెప్పాలనుంది.

"ఉండిపో" అన్నాడు.

"ఎందుకుండమంటారు?"

ఎంత ఆశగా అడిగిందో! ఆయన తడబడి, ముందు నోటికొచ్చిందేదో అనేశాడు.

"నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు?"

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది.

"మనిషిని పెట్టుకోండి" అని మెల్లగా తలుపు వేసి వెళ్లిపోయింది.

నువ్వు లేకపోతే నేనుండలేననే మాట ఆయన నోటికి వచ్చేసరికి ఆవిడ వీధి మలుపు దాటిపోయింది.