దాచుకున్న గొంతు

డబ్బింగు స్టూడియోలో ఆమెను అందరూ పాపాయి అనే పిలుస్తారు. ముప్పై దాటిన మనిషి, ఒక బిడ్డ తల్లి. అయినా తెర మీద ఏ చంటిపిల్ల ఏడ్చినా, కేరింతలు కొట్టినా ఆ గొంతు ఈవిడదే. గొంతే అన్నం పెడుతోంది కాబట్టి దాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటుంది. ఇంటికొస్తే తప్పనిసరైతే తప్ప నోరు విప్పదు. మంచినీళ్లు కావాలంటే చేత్తో సైగ చేస్తుంది, కోపమొస్తే కళ్లు ఉరుముతుంది. మా ఇంట్లో రోజూ మూకీ సినిమానే అని భర్త నలుగురిలో నవ్వుతూ చెప్పుకుంటాడు. పాపం, నవ్వక ఏం చేస్తాడు!

బాబు పుట్టాక పాపాయి ఒక ఉపాయం కనిపెట్టింది. పని అయ్యాక ఖాళీ మైకు ముందు కూర్చుని కథలు, జోలపాటలు, జంతువుల పేర్లు రికార్డు చేసి, చిన్న స్పీకరును ఉయ్యాలకు కట్టింది. తల్లి గొంతు తల్లి గొంతే కదా, పైగా ఒక్క తడబాటు లేకుండా! పగలంతా పిల్లాణ్ని చూసుకునేది అత్తగారు. మీరు మాటలు మింగేస్తారు, వాడికీ అదే అలవాటవుతుంది, వాడి దగ్గర ఎక్కువ మాట్లాడకండి, స్పీకరు పెట్టి ఉంచండి చాలు అని ఆమెకు చెప్పింది. అత్తగారు సరేనమ్మా అని ఊరుకుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే.

బాబు పాకడం నేర్చాడు గానీ, మునుపటిలా ఊకొట్టడం, గొణగడం తగ్గించేశాడు. పాపాయికి గుండెల్లో రాయి పడింది. చెవులు బాగానే ఉన్నాయని చెప్పిన డాక్టరు, పసివాళ్ల మెదడు మీద పరిశోధన చేసే చోటికి వెళ్లి చూడమన్నాడు. అక్కడివాళ్లు రికార్డరు కుట్టిన చిన్న చొక్కా ఇచ్చి, ఒక రోజంతా తొడిగి ఉంచి తెమ్మన్నారు. పాపాయికి అది తన గొంతుకు పెట్టిన పరీక్షలా తోచింది. ఆ రోజు స్పీకరు కాస్త గట్టిగా పెట్టమని మరీ చెప్పి పనికి వెళ్లింది.

ఫలితం వినడానికి అత్తాకోడళ్లు బాబుతో వెళ్లారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళితే మెత్తటి తివాచీ, బొమ్మలేవీ లేని బూడిదరంగు తెరలు. పరిశోధకురాలు బాబు తలకు గుడ్డ టోపీ తొడిగింది. దాని నిండా చిన్న చిన్న దీపాలు. ఆ వెలుతురుతో మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువగా వెళ్తోందో తెలుస్తుందట. మాటను వినే భాగానికీ పలికించే భాగానికీ మధ్య పుట్టినప్పుడు కాలిబాటలాంటి దారే ఉంటుందనీ, నడిచేకొద్దీ అది గట్టిపడుతుందనీ ఆమె చెప్పింది. ఉత్తినే వినడం చాలదు. వాడు ఒక శబ్దం చేస్తే ఎదుటి మనిషి బదులివ్వాలి, మళ్లీ వాడు అందుకోవాలి. ఎందరో పిల్లల్ని కలిపి చూస్తేనే ఏదైనా తేలుతుంది, టోపీ ఒక్క పిల్లాడి మీద తీర్పు చెప్పదు, కంగారుపడొద్దు అని కూడా అంది.

తర్వాత మామూలుగానే అడిగింది. "మీ ఇంట్లో టీవీ ఎక్కువగా నడుస్తుందా? చొక్కా రికార్డరులో ఎవరో ఒకావిడ గొంతు పొద్దంతా వస్తోంది. బాగా చదువుతోంది గానీ, యంత్రంలోంచి వచ్చే గొంతును మేం లెక్కలోకి తీసుకోం. తీసేశాం."

పరిశోధకురాలు ఒక ముక్క వినిపించింది. స్పీకరులో కుందేలు కథ. మధ్యలో బాబు 'ఆఁ' అన్నాడు. కుందేలు పరుగెత్తింది. మళ్లీ 'ఆఁ' అన్నాడు, ఈసారి కాస్త గట్టిగా. తన జోకుకు తనే కిలకిలా నవ్వుకుంది ఆ గొంతు. ఆపైన బాబు ఏమీ అనలేదు. పాపాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వాడితో మాట్లాడింది మాత్రం ఈవిడే అని అత్తగారిని చూపిస్తూ పరిశోధకురాలు ఇంకో ముక్క పెట్టింది. తలుపు మూసిన చప్పుడు, కుళాయి నీళ్ల చప్పుడు, ఆ చాటున గుసగుసగా అత్తగారు. ఏంట్రా నాన్నా, ఏమంటావు? 'ఆఁ'. అవునా, ఇంకా? 'ఆఁ ఆఁ'. దొంగసొత్తు పంచుకుంటున్నట్టు ఇద్దరూ ముచ్చట్లాడుకుంటున్నారు.

అత్తగారి ముఖం పాలిపోయింది. "ఏమనుకోకమ్మా. వాడు అలా చూస్తుంటే నోరు ఊరుకోలేదు. స్నానాల గదిలోనే మాట్లాడాను, అదీ ఎప్పుడన్నా."

క్షమాపణ అడగాల్సింది పాపాయి అయితే ఆవిడ అడుగుతోంది. "ఆ కథలు చదివింది నేనే" అంది పాపాయి పరిశోధకురాలితో, తల ఎత్తకుండా. "మాట్లాడొద్దని అత్తయ్యకు చెప్పిందీ నేనే."

ఎదురుగా కూర్చుని వాడితో కాసేపు మాట్లాడండి, ఏదైనా సరే అంది పరిశోధకురాలు.

బాబు అత్తగారి ఒళ్లో ఉన్నాడు. పాపాయి మోకాళ్ల మీద కూర్చుంది. ముందు కుందేలు కథే నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఎవరూ రాసివ్వని మాట ఒక్కటీ తోచలేదు. చివరికి బాబే 'ఆఁ' అన్నాడు.

"ఆఁ... ఏంట్రా?" అంది పాపాయి. గొంతు బొంగురుగా, వణుకుతూ వచ్చింది.

బాబు ఆమె పెదాలను వింతగా చూశాడు. చూసి, ఎవరో కొత్త మనిషి పలకరిస్తే ఎవరని అడిగినట్టు నాయనమ్మ ముఖంలోకి చూశాడు.

"అమ్మేరా" అంది అత్తగారు మెల్లగా. "మీ అమ్మే, మాట్లాడుతోంది."