గొర్రెలు తొక్కిన రన్‌వే

గౌతమి కట్టిన రిమోట్ జెట్ విమానం బరువు పద్దెనిమిది కిలోలు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్ల పైమాటే. అనంతపురంలో పాలిటెక్నిక్ పిల్లలకు సివిల్ పాఠాలు చెప్పి ఇంటికొచ్చాక, రెండేళ్ల పాటు సాయంత్రాలన్నీ దానికే ధారపోసింది. లోపల కిరసనాయిలుతో తిరిగే నిజమైన టర్బైను ఉంది. ఎగరేయడానికి అనుమతి కాగితాలూ చేతికొచ్చాయి. లేనిదల్లా పచ్చిక.

ఉత్త మట్టి నేల మీదైతే ఇంజను గాలితో పాటు గులకరాళ్లనూ పీల్చుకుంటుంది. లోపలి రెక్కలు విరగడానికి ఒక్క రాయి చాలు. అనంతపురం జిల్లాలో రాళ్లకు కొదవేముంది? ఆదివారం వస్తే భర్త విజయభాస్కర్‌ను వెంటేసుకుని పచ్చిక కోసం ఊళ్లు తిరిగేది. చివరికి గార్లదిన్నె దాటాక కాలువ కింద ఒక బీడు కనబడింది. కాలువ ఊటకు అక్కడ వేరుశనగ కుళ్లిపోతోందని ఆ నేల రైతు కుళ్ళాయప్ప దాన్ని గొర్రెలకు వదిలేశాడు. నూట యాభై గొర్రెలు కొరికి కొరికి గరికను తివాచీలా ఉంచాయి. గౌతమి చెప్పులు విప్పి దాని మీద నడిచి చూసుకుంది. ఎగరేసుకోండి గానీ తనను దగ్గరుండి చూడనివ్వాలన్నాడు కుళ్ళాయప్ప. అరవై ఏళ్ల ఆ మనిషి పెట్టిన షరతు అదొక్కటే.

మొదటి ఆదివారం విజయభాస్కర్ మంటలార్పే సిలిండరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇంజను సన్నగా ఈల వేసి, అంతలోనే గర్జించింది. గొర్రెలన్నీ కాలువగట్టెక్కి పారిపోయాయి. జెట్ గడ్డి మీద పరుగందుకుంది. సగం దూరం పోయిందో లేదో, ముందు చక్రం మెత్తటి నేలలో దిగబడింది. ముక్కు నేలకు గుద్దుకుంది. రెండేళ్ల కష్టానికి ఇంత దూరమేనా అనుకుంటూ గౌతమి ఇంజను ఆపి, పరుగెత్తి వెళ్లి చూసింది; ముక్కు గీసుకుంది గానీ ఏదీ విరగలేదు.

కుళ్ళాయప్ప గొర్రెలను మళ్లేసుకుని వచ్చాడు. విమానం వైపు చూడలేదు. అది పరుగెత్తిన దారి పొడవునా వట్టికాళ్లతో నడుస్తూ, అక్కడక్కడా చేతికర్ర గుచ్చి చూశాడు.

“నేల నీళ్లు తాగి మెత్తగుండాది పాపా. ఊటను పక్కకు మళ్లిస్తా. తడి సగం ఆరినాక గొర్రెలతో తొక్కిస్తా. మా దొడ్లో నేల చూసినావా? గడ్డపారకు గూడా లొంగదు.”

విజయభాస్కర్‌కు నవ్వొచ్చింది. గౌతమికి రాలేదు. మట్టికట్టలను గట్టిపరిచే యంత్రం ఒకటుంది. దాని ఇనుప డ్రమ్ము నిండా గిట్టల్లాంటి ముక్కలు పొడుచుకొచ్చి ఉంటాయి. గొర్రెకాళ్ల రోలరని దాని పేరు. ఎనిమిదేళ్లుగా ఆ బొమ్మ బోర్డు మీద గీస్తోంది గానీ, అసలు కాళ్లు చేసే పని ఎప్పుడూ చూడలేదు.

“తొక్కించన్నా, నేనూ వస్తా,” అంది.

కుళ్ళాయప్ప చిన్న కాలువ తవ్వాడు. మూడు రోజులకు మట్టి పిడికిట్లో ముద్దయింది, చేతికి అంటలేదు. ఆయనో పిడికెడు, ఆమో పిడికెడు నలిపి చూసుకుని, చాలనుకున్నారు. ఆపైన నాలుగు సాయంత్రాలు చున్నీ నడుముకు బిగించి గౌతమి ఒక పక్కన, కుళ్ళాయప్ప ఇంకో పక్కన గొర్రెలను అటూ ఇటూ నడిపించారు. కడుపు నిండిన గొర్రెలకు ఇంటికి పోనివ్వక ఎందుకు తిప్పుతున్నారో అర్థం కాలేదు. మూతులు ముడుచుకునే నడిచాయి.

ఆదివారానికి నేల బిగిసింది. కానీ దాని నిండా పెంటికలే. కుళ్ళాయప్ప భార్య రామక్క పొరకా గంపా పట్టుకొచ్చి, చేనికి ఎరువు దొరికిందని సంతోషంగా ఊడవసాగింది. గౌతమి కూడా వంగింది. బ్యాంకులో కుర్చీ దిగని విజయభాస్కర్ కాసేపు చూసి, తానూ ఒక పొరక అందుకున్నాడు.

ఈసారి చక్రాలు ఎక్కడా తడబడలేదు. నూరు మీటర్లు పరుగెత్తి జెట్ ముక్కెత్తింది. నేలకూ చక్రాలకూ మధ్య వెలుతురు కనబడగానే గౌతమి ఊపిరి వదిలింది. కాలువ మీదుగా తిప్పింది. ఎండలో పసుపు రెక్కలు తళుక్కుమన్నాయి. దించేటప్పుడు పక్కగాలి నెట్టింది. మొదటిసారి ఎత్తు ఎక్కువైందని మళ్లీ లేపి ఇంకో చుట్టు తిప్పింది. రెండోసారి జెట్ ఒక్క గెంతు గెంతి, నేల పట్టుకుని, గట్టుకు ఇరవై అడుగుల ముందు ఆగింది.

విజయభాస్కర్ సిలిండరు వదిలేసి పరుగెత్తాడు. కుళ్ళాయప్ప మాత్రం జెట్ దిగిన చోట గొంతుక్కూర్చుని, గడ్డి పక్కకు తీసి అరిచేత్తో నేలను తడిమాడు.

“గాడి పడలేదు పాపా,” అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూసి గౌతమి కూడా అక్కడే చతికిలబడి నేల తడిమింది.

రామక్క గంప దించి దగ్గరకొచ్చింది.

“ఈ అరుపుకు మా శెనక్కాయ చేన్లో అడివి పందులు పారిపోతాయా?”

ఏడు నిమిషాలకు మించి ఎగరదని, దిగగానే పందులు మళ్లీ వస్తాయని గౌతమి ఉన్నమాట చెప్పింది. రామక్క తన చేను వైపు చెయ్యి చూపింది.

“ఏడు నిమిషాలన్నా బయపడనీ. ఇంకోసారి లేపు.”

గౌతమి నవ్వి, భర్తను కిరసనాయిలు డబ్బా తెమ్మంది.