పూలూ పళ్ళూ గీసినవాళ్ళు

"నువ్వు రాసి పెట్టు చాలు. చెప్పేది నేను చూసుకుంటాను," అన్నారు మా ఆయన.

అప్పుడు నేను మా అత్తగారికి జడ వేస్తున్నాను. తుంటి విరిగి, మంచాన పడి, లేచి చక్రాల కుర్చీకి అలవాటు పడ్డ దగ్గర్నించీ ఆవిడ తల నా చేతుల్లోనే ఉంది. జుట్టు పలచబడింది గానీ నోరు పలచబడలేదు. చిక్కు తగిలితే "అబ్బ, నెమ్మది!" అని కసురుతుంది. తగలకపోతే "అసలు దువ్వుతున్నావా?" అని అడుగుతుంది. ఆ ఉదయం చిక్కు గట్టిగానే లాగాను కాబోలు, ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. కొడుకు మాటలు వింటోంది.

"నీకెందుకు శ్రమ? అంతమందిలో నిలబడాలి, మైకు పట్టుకోవాలి, ఎవడో ఒకడు అడ్డంగా ప్రశ్న వేస్తాడు. నీకసలే కంగారు," అన్నారు ఆయన పేపరు మడతపెడుతూ. ఆ గొంతులో కోపం లేదు, దయ ఉంది. కోపమైతే ఎదురు చెప్పొచ్చు. దయకి ఎలా ఎదురు చెప్పాలో ఇన్నేళ్ళ కాపురంలో నాకు అంతుపట్టలేదు.

మా పేట గ్రంథాలయం పై అంతస్తులో రిటైరైనవాళ్ళంతా గురువారం గురువారం కలుస్తారు. ఎవరికి తెలిసింది వాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు నేర్చుకుంటారు. "ఉద్యోగం అయిపోయింది గానీ బుర్ర అయిపోలేదు" అని చెప్పుకుంటారు. అధ్యక్షుడు ఒక మాజీ జడ్జిగారు. కార్యదర్శి మా ఆయన, ఒకప్పటి ఇంజనీరు. ఏటా కళలూ చరిత్రా మీద వరసగా ప్రసంగాలు ఇచ్చే మ్యూజియం పెద్దాయన కూతురి ఊరికి మకాం మార్చేశాడు. ఇప్పుడెలాగని కమిటీ మా ముందుగదిలో కూర్చుంది. నేను టీ తీసుకెళ్ళాను. "బొమ్మల గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కడ దొరుకుతారండీ?" అంటున్నారు జడ్జిగారు.

"నేను మాట్లాడతాను," అన్నాను.

చేతిలో ట్రే ఉన్న మనిషి మాట్లాడితే వినబడటానికి కాస్త టైము పడుతుంది. మా ఆయన బిస్కెట్ల ప్లేటు జడ్జిగారి వైపు జరిపారు. ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరైన ఒకావిడుంది, అందరూ నర్సక్క అంటారు. ఆవిడే ముందు తేరుకుంది. "చెప్పండి మరి! అన్నేళ్ళు స్కూల్లో పిల్లలకి చరిత్ర చెప్పినావిడ, మనకి చెప్పలేదా?" జడ్జిగారు తల ఊపారు. "తప్పకుండా, తప్పకుండా. సార్ ఎలాగూ పక్కనే ఉంటారు కదా."

ఆ 'పక్కనే ఉండటం' రెండు రోజుల్లో 'నేను చెబుతాను'గా మారింది. మరో రెండు రోజులు ఆగితే అదంతా ముందునించీ ఆయన ఆలోచనే అయి ఉండేది. ఇది నాకు కొత్త కాదు. కోటల మీద, పాత వంతెనల మీద ఆయన ప్రసంగాలు బాగుంటాయని పేరు. ఏ పుస్తకంలో ఏ బొమ్మ ఉందో వెతికి, ఏది ముందు ఏది వెనక అని పేర్చి, అంకెల్లో మునిగిపోతున్నప్పుడు "ఇక్కడ ఆ రాళ్ళు మోసినవాళ్ళ సంగతి చెప్పండి" అని గుర్తుచేసేది నేను. ఆ రాళ్ళు మోసినవాళ్ళ దగ్గరే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. చివర్లో జడ్జిగారు ధన్యవాదాలు చెబుతూ "చక్కటి టీ అందించిన శ్రీమతిగారికి కూడా" అనేవారు. నేను వెనక టీ పాత్ర పక్కన నిలబడి నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు దవడలు నొప్పి పుడతాయి.

నేను చరిత్ర టీచర్ని. పాఠంలో లేకపోయినా పిల్లలకి బొమ్మలు తెచ్చి చూపించేదాన్ని. "రాజుగారిని చూడకండి, ఆయన్ని అందరూ చూస్తారు. వెనక పళ్ళెం పట్టుకున్న అమ్మాయిని చూడండి. కాళ్ళు నొప్పి పుడుతున్నాయా, లేదా?" అని అడిగేదాన్ని. క్లాసంతా ఒక్కసారి బొమ్మ మీదికి వంగేది. ఆ వంగడం కోసమే బతికేదాన్ని. "బొమ్మలు చూపించడానిక్కూడా జీతమిస్తారా?" అని మా మరిది ఎగతాళి చేసేవాడు. అత్తగారు మంచాన పడ్డప్పుడు ఎవరు ఇంట్లో ఉండాలన్న చర్చ కూడా రాలేదు. "నీకింకా సర్వీసు ఉందనుకో, కానీ నీ స్కూలు ఎక్కడికి పోతుంది?" అన్నారు ఈయన. స్కూలు ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంది. నేనే పోయాను.

అందుకే ఆ ఉదయం జడ చివర బ్యాండు పెడుతూ అన్నాను. "లేదండీ. రాసేదీ నేనే, చెప్పేదీ నేనే."

"సరే, నీ ఇష్టం," అన్నారాయన. మా ఇంట్లో ఆ మాటకి 'చూద్దాం ఎంతవరకు వెళ్తావో' అని అర్థం.

మధ్యాహ్నాలు అత్తగారు కునుకు తీసే వేళ నా వేళ. గ్రంథాలయం నుంచి తెచ్చిన బరువైన బొమ్మల పుస్తకాలు డైనింగ్ టేబుల్ మీద పరిచేదాన్ని. కుక్కర్ కూత, వాషింగ్ మెషీన్ పిలుపు, "నా కళ్ళజోడు చూశావా?" అన్న కేక, ఆవిడకి మాత్రల టైము, వీటన్నిటి సందుల్లోంచి చదివాను. చదువుతుంటే ఒక పుస్తకంలో ఒక వాక్యం తగిలింది. 'స్త్రీ చిత్రకారులకు పూలూ పళ్ళూ పింగాణీ పాత్రలూ సహజంగానే ఇష్టం' అని ఏ పెద్దమనిషో రాశాడు. ఇంకాస్త ముందుకు వెళ్తే అసలు సంగతి తెలిసింది. చాలా దేశాల్లో తరాల తరబడి ఆడపిల్లల్ని చిత్రకళా పాఠశాలల్లోకి రానివ్వలేదు. రానిచ్చినా, మనిషిని ఎదురుగా నిలబెట్టి ఒళ్ళు గీయడం నేర్పే తరగతికి రానివ్వలేదు. ఆ తరగతి లేకపోతే యుద్ధాలూ పట్టాభిషేకాలూ ఉండే పెద్ద పెద్ద చిత్రాలు వేయడం రాదు. అవి వేయనివాళ్ళని గొప్ప చిత్రకారులనరు. తలుపు వేసేసి, లోపల ఉన్నదే నీకు ఇష్టం అనడమన్నమాట! వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? చేతికందిందే గీశారు. బల్ల మీది పళ్ళు, కుండీలో పూలు, నిద్రపోయే పిల్లలు. గిన్నె అంచు మీద పడ్డ వెలుతురుని ఎంత శ్రద్ధగా పట్టుకున్నారంటే, పేజీ తిప్పబుద్ధి కాలేదు. నా ప్రసంగం నాకు దొరికింది.

ఆ గురువారం రానే వచ్చింది. అత్తగారిని చూసుకోవడానికి ఒప్పుకున్న అమ్మాయి జ్వరమని ఫోన్ చేసింది.

మా ఆయన అప్పటికే చొక్కా మార్చుకుని ఉన్నారు. "ఇంకేం చేస్తాం? అమ్మని ఒక్కదాన్నీ వదల్లేం. ఆ కాగితాలు ఇలా ఇవ్వు, నేను చెప్పేసి వస్తాను," అని చెయ్యి చాపారు. ఆయన కావాలని చేసిందేం కాదు. ఆయనకి నిజంగానే అది తప్ప ఇంకో దారి కనిపించలేదు. నేనొకసారి ఆ చేతిని చూశాను. ఎన్ని ఇచ్చి ఉంటానో ఆ చేతికి! ఈసారి నా చేతులు కదల్లేదు.

"మీరు ఉండండి ఇంట్లో," అన్నాను.

"నేనా? కార్యదర్శిని! నేను లేకుండా సభ ఎలా?"

"వక్త లేకుండా ఎలాగో అలాగే."

ఆయన నోరు తెరిచేలోపు లోపలిగది నుంచి అత్తగారి గొంతు. "ఇద్దరూ పోట్లాడుకోకండి. నేనూ వస్తాను."

"నువ్వా? అక్కడ గంటన్నర కూర్చోవాలమ్మా. మధ్యలో బాత్రూమంటావు."

"అంటే నువ్వు తీసుకెళ్తావు. నా కొడుకువి కాదూ?"

గ్రంథాలయంలో లిఫ్టు ఉండటం నా అదృష్టం. హాలు నిండుగానే ఉంది. టీ పాత్ర దగ్గర ఎవరూ లేరు. ఒకరిద్దరు ఖాళీ కప్పులు పట్టుకుని నా వైపు చూశారు. నేను వాళ్ళని దాటుకుని ప్రొజెక్టర్ దగ్గరికి వెళ్ళాను. మా ఆయన మైకు తీసుకుని, "ఈరోజు మా ఇంటావిడ నాలుగు మాటలు చెబుతుంది. పొరపాట్లుంటే మన్నించాలి, నేను సర్దుతాను," అన్నారు. అందరూ ఆప్యాయంగా నవ్వారు.

మొదట కాగితంలోకి చూస్తూ చదివాను. "గట్టిగా చెప్పు, వినపడట్లేదు!" అని అత్తగారు ముందు వరస నుంచి అరిచింది. గట్టిగా చెప్పాను. రెండో బొమ్మకే మా ఆయన లేచి ఒక సంవత్సరం సవరించారు. నేను చెప్పిందే సరైనది. అయినా మరోసారి ఆయన వైపు చూశాను, మళ్ళీ అంటారేమోనని. మూడో బొమ్మకి మళ్ళీ లేవబోయారు. అంతలో అత్తగారు కుర్చీ చేతి మీద తట్టి, "ఒరేయ్, బాత్రూమ్," అంది. హాలంతా చూస్తుండగా కార్యదర్శిగారు తల్లి కుర్చీ తోసుకుంటూ బయటికి వెళ్ళారు.

ఆ కాసేపట్లో నేను మళ్ళీ టీచర్నయ్యాను. తలుపు వేసిన తరగతి గది సంగతి చెప్పాను. అన్నల పేరు మీద, భర్తల పేరు మీద చెలామణీ అయిన చిత్రాల సంగతి చెప్పాను. తెర మీద ఒక పళ్ళ బొమ్మ పెట్టి, "ఇది ఆడవాళ్ళ అభిరుచి కాదండీ. ఇది వాళ్ళకి మిగిల్చిన చోటు. మిగిల్చిన చోటులో ఎంత చూశారో చూడండి," అన్నాను. కుర్చీలు కిర్రుమన్నాయి. జనం ముందుకు వంగారు. తల నెరిసినవాళ్ళు కూడా పిల్లల్లాగే వంగుతారని అప్పుడే తెలిసింది.

అత్తగారు తిరిగొచ్చి ఆ పళ్ళ బొమ్మని కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. ప్రశ్నల వేళ అందరికన్నా ముందు చెయ్యెత్తింది.

"ద్రాక్షపళ్ళ మీద ఆ మెరుపంతా వెయ్యాలంటే గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి గదా?"

"కూర్చోవాలి అత్తయ్యా."

"ఆ మధ్యలో ఆవిణ్ణి ఎవరూ పిలవలేదా?"

మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. నర్సక్క ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూసుకుంది. కళ్ళ ముందున్న ప్రశ్న అన్ని పుస్తకాలు తిరగేసిన నాకు తట్టనే లేదు. "తెలీదు అత్తయ్యా. ఆ సంగతి ఎవరూ రాయలేదు," అన్నాను.

"రాయరు," అంది ఆవిడ, చెయ్యి దించుకుంటూ.

సభ ముగిశాక ఆడవాళ్ళు నన్ను వదల్లేదు. నర్సక్క చెప్పింది, పై చదువు పరీక్ష రాస్తుంటే మామగారికి బాగాలేదని హాలు నుంచి పిలిపించారట. మళ్ళీ రాయలేదట. పోస్టాఫీసులో చేసినావిడ ఏదో చెప్పబోయి, "పోనిద్దురూ," అని బ్యాగు సర్దుకుంది. వెళ్తూ మాత్రం, "వచ్చే గురువారం కూడా మీరే చెబుతారు కదా?" అని అడిగింది.

కారులో ఇంటికి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర మా ఆయన అన్నారు. "బాగానే చెప్పావు. కాదనను. కాకపోతే చివర్లో చరిత్ర పక్కదారి పట్టింది. జడ్జిగారు కూడా అదే అన్నారు. రెండోది కాస్త పద్ధతిగా ఉండాలి, అది నేను చెబితే..."

"రెండోదీ నేనే చెబుతానండీ. మూడోదీ నేనే. జడ్జిగారికి చెప్పేశాను," అన్నాను. "అది పక్కదారి కాదు. అసలు దారి అదే."

"అమ్మని ఎవరు చూస్తారు?"

"ఇవాళ చూశారుగా మీరు. బాగానే చూశారు."

పచ్చలైటు పడింది, ఆయన కారు ముందుకు పోనిచ్చారు. నేను సీటులో వెనక్కి తిరిగాను. జడలో నుంచి వెంట్రుకలు చెదిరి అత్తగారి మొహం మీద పడుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఆవిణ్ణి ఎన్నో అడిగాను. ఆకలేస్తోందా, మాత్ర వేసుకున్నారా, దిండు ఎత్తు పెంచమంటారా అని. ఆ తల దువ్వాను గానీ ఆ తలలో ఏముందని ఒక్కసారీ అడగలేదు. ఆవిడా నన్ను అడగలేదనుకోండి.

"అత్తయ్యా," అన్నాను. "మిమ్మల్ని మధ్యలో పిలిచినప్పుడు, మీరేం చేస్తున్నారు?"

ఆవిడ మొహం మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. తర్వాత కిటికీ బయట మా వీధి మలుపు దగ్గరపడటం చూసింది.

"చాలా ఉందే చెప్పడానికి," అంది. "ఇంటికెళ్తే నీకు మళ్ళీ పనులుంటాయి. కారు ఎక్కడైనా ఆపమను."

నేను మా ఆయన వైపు తిరిగాను.

"ఆపండి," అన్నాను.